పాట లేనప్పటి కరెంటు

ఆయన పోయిన సంగతి నాకు పదకొండో రోజున తెలిసింది. అదీ ఎవరో పనిగట్టుకుని వచ్చి చెప్పింది కాదు. మా చర్చికి కుర్చీలు కిరాయికిచ్చే టెంట్‌హౌస్ అతను ఆటోలోంచి కుర్చీలు దించుతూ మాటల మధ్యలో అన్నాడు.

"సెట్ల కాక పోయిండు గద మేడం. మీకెరుకేనా?"

"ఎప్పుడు?"

"పదకొండు దినాలాయె. వానలు జోరుమీదుండె గద, అప్పుడు."

"మరి నాకెవ్వరూ చెప్పలేదేంది?" అని కొంచెం గట్టిగానే అడిగాను.

అతను చేతిలో కుర్చీ కింద పెట్టి నా వైపు చూశాడు. "ఎవ్వలు చెప్తరు మేడం? చెప్పనీకె ఆయనకెవ్వలున్నరు? షట్టరు తెర్వకపోతె పక్క టైలరు చూసిండు. గంతే."

ఇరవై రెండేళ్లుగా జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతున్నాను. ఎదుటివాళ్ల మాట పూర్తికాకముందే జవాబు చెప్పేస్తానని మా ఇంట్లోనూ కాలేజీలోనూ పేరుంది. మా చర్చి కమిటీవాళ్లు నన్ను కార్యదర్శిని చేసింది కూడా ఆ నోటిని చూసే. ఆ రోజు మాత్రం కుర్చీలు ఎక్కడ వేయాలో కూడా చెప్పకుండా లోపలికి వెళ్లిపోయాను.

మైకు సెట్టు అంటే గోదావరిఖనిలో ఆంప్లిఫయరే. అవి బాగుచేస్తాడు కాబట్టి సెట్ల కాక. బొగ్గు బాయిలో ఎలక్ట్రీషియన్‌గా చేసి దిగిపోయినవాడు. రిటైరయ్యాక కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి, బస్టాండు వెనక సందులో ఒక షట్టరు గది తీసుకున్నాడు. ముందు సగం దుకాణం. పాత చీర కట్టిన తెర వెనక మంచం, స్టవ్వు, రెండు గిన్నెలు. అంతకుమించి ఆయన గురించి ఖనిలో ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

ఆయన చేతులు మాత్రం నాకు బాగా గుర్తు. సెట్టు వేడెక్కిందో లేదో చూడాలంటే అరచేయి పెట్టేవాడు కాదు, చేతిని తిప్పి వెనకవైపు ఆనించేవాడు. అరచేతికి షాకు తగిలితే వేళ్లు ముడుచుకుని దాన్నే పట్టుకుంటాయి, వెనకవైపు తగిలితే చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేస్తుంది. బాయిలో నేర్చుకున్న జాగ్రత్త అది. టీ గ్లాసు వేడి కూడా అట్లాగే చూసేవాడు. ఎడమచేతి చివరి రెండు వేళ్లు మడతపడేవి కావు. ఎందుకని అడిగితే "అయ్యి రిటైరైనయి, నాకన్న ముందుగాల" అనేవాడు.

ఖనిలో సెట్లు బాగుచేసేవాళ్లు ఇంకా ఇద్దరు ముగ్గురున్నారు. వాళ్ల దుకాణాలు ఎక్కడున్నాయో కళ్లు మూసుకుని చెప్పొచ్చు, పొద్దస్తమానం పాటలు మోగుతూనే ఉంటాయి. ఈయన దుకాణంలో నేను ఒక్క పాటా వినలేదు. సెట్టు బాగుచేసి, మూత తీసి, స్విచ్చు వేసి, పాటా పెట్టక మైకూ పెట్టక దాని ముందు స్టూలు వేసుకుని కూర్చునేవాడు.

"ఒక పాట పెట్టి చూస్తే అయిపోతది గదా కాకా?" అన్నాను మొదటిసారి, మా చర్చి సెట్టు తీసుకుపోదామని వెళ్లి.

"పాట పెడితె ప్రతీదీ పాడుతది మేడం. ఊకున్నప్పుడు ఎట్లుంటదో చూడాలె."

"ఎంతసేపు చూస్తవు?"

"ఒక షిఫ్టు."

గంటల్లో చెప్పడం ఆయనకు రాదు. అన్నం ఉడకడానికి, మనిషి జ్వరం తగ్గడానికి, సెట్టు కుదురుకోవడానికి, అన్నిటికీ షిఫ్టుల లెక్కే. మా సెట్టు కోసం ఆ రోజు పొద్దుటి షిఫ్టు దిగేదాకా ఆగాల్సి వచ్చింది. బజారంతా తిరిగి మళ్లీ వెళితే ఆయన అదే స్టూలు మీద, అదే చూపుతో ఉన్నాడు.

ఆయన చూస్తున్నది కలెక్టర్ కరెంటు. సెట్టులో చివర రెండు పెద్ద ట్రాన్సిస్టర్లుంటాయి. శబ్దపు అలలో పై సగాన్ని ఒకటి మోస్తే కింది సగాన్ని ఇంకొకటి మోస్తుంది. ఎవరూ మాట్లాడనప్పుడు కూడా ఆ రెండింటిలోనూ కలెక్టర్ అనే కాలు గుండా కాస్త కరెంటు పారుతుండాలి. ఎంత పారాలో గోధుమ గింజంత స్క్రూ ఒకటి నిర్ణయిస్తుంది. ఎక్కువ పెడితే ట్రాన్సిస్టరు వేడెక్కుతుంది. వేడెక్కిన కొద్దీ కరెంటు పెరుగుతుంది, పెరిగిన కరెంటు ఇంకా వేడి చేస్తుంది. "నడిమిట్ల ఆపెటోడు లేకుంటె కాలి బూడిదైతది," అని నాకు చెప్పి, కళ్లజోడు పైనుంచి చూసి, "మీ కమిటీ మీటింగు లెక్కనే" అన్నాడు.

ఆ రెండు ట్రాన్సిస్టర్లు ఒకే తీరుగా పనిచేయాలి. కొత్త డబ్బా వస్తే ఒక్కొక్కదాన్నీ మీటరుకు పెట్టి, జతలు కలిపి, దారంతో కట్టి ఉంచేవాడు. జత కుదరనివి ఒక పచ్చడి సీసాలో వేసేవాడు. సీసా మెడదాకా నిండి ఉండేది.

"ఇవన్నీ పారెయ్యరాదు?"

"అవి ఖరాబు లేవు మేడం. జోడు దొరకలే, గంతే."

నెలలో మొదటి ఆదివారం ఆయన మా చర్చికి వచ్చేవాడు. మా మతంవాడు కాదు. ఆరాధన మొదలు కాకముందే గుడ్డసంచిలో మీటరుతో వచ్చి, సెట్టు మూత విప్పి, రెండు ట్రాన్సిస్టర్ల కలెక్టర్ కరెంటూ మిల్లీఆంపియర్లలో చదివి, నా దగ్గరికి వచ్చి నిలబడేవాడు. "ఎడమ నలభై, కుడి నలభై ఒకటి" అని, బాయిలో పై ఆఫీసరుకు చెప్పినట్టు చెప్పేవాడు. నేను "సరే" అనాలి. అనకపోతే అక్కడే నిలబడి ఉండేవాడు. అన్నాక వెళ్లి చివరి బెంచీలో కూర్చునేవాడు. ప్రార్థనలో కళ్లు మూసుకోడు, పాటలు పాడడు, ప్రసంగం మధ్యలో కునుకు తీస్తాడు. సాక్ష్యాల సమయానికి మాత్రం మేలుకునేవాడు. ఆ బెంచీలోనే ఒక అవ్వ కూర్చుంటుంది. ఆమె భర్త కూడా బాయి మనిషే, ఎప్పుడో పోయాడు. ఆమె ప్రతి ఆదివారం లేచి మైకు అందుకుని, సూదిలోంచి దారం తీసినంత సన్నగా, తన మోకాలు ఈ వారం కొంచెం నయమున్నదనీ దేవునికి స్తోత్రమనీ చెబుతుంది. ఆ రెండు మాటలకీ ఆయన ముందుకు వంగి వినేవాడు. తర్వాత ఆడవాళ్లు ఇచ్చిన టీ తాగి, తన గ్లాసు తానే కడిగి, బోర్లించి, వెళ్లిపోయేవాడు. ఇట్లా ఏళ్లు గడిచాయి.

దాన్ని చెడగొట్టింది నేనే.

ఒక ఎండాకాలం ఆదివారం, ఆరాధన ఇంకా మొదలవలేదు. సెట్టు మూత మీద చెయ్యి పడితే, మధ్యాహ్నం విప్పిన టిఫిన్ డబ్బాలాగా గోరువెచ్చగా ఉంది. మైకు దగ్గర ఎవరూ లేరు.

"కాకా, ఇదేంది వేడిగున్నది? ఎవ్వరూ మాట్లాడ్తలేరు గదా."

"కొంచెం ఉండాలె మేడం. ఉంటెనే మంచిది."

"ఎందుకుండాలె? ఊకెనే కరెంటు తాగుడు తప్ప. సున్నా పెట్టినా నడుస్తది. పుస్తకంల ఉన్నది."

"నడుస్తది," అన్నాడు. "మీకైతె నడుస్తది. మీ గొంతు పెద్దది."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. పాస్టరు అయ్యగారు కూడా నవ్వారు. అంతటితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను?

"సరే, నాకో సంగతి చెప్పు. నెలనెలా నువ్వు మీటరు పట్టుకొని ఎందుకొస్తవు? ఆ స్క్రూకు ఏమన్న కాళ్లొచ్చి నడుచుకుంట పోతదా? ఖనిల ఇన్ని గుళ్లున్నయి, మసీదులున్నయి, యూనియన్ ఆఫీసులున్నయి. ఏడికన్న గిట్ల నెలనెలా పోతున్నవా? మా దగ్గరికే ఎందుకు?"

ఆయన మూత పెట్టి నాలుగు స్క్రూలూ బిగించాడు. ఒక్కొక్కటి బిగించాక వేలితో తడిమి చూశాడు. "సరే మేడం" అని సంచి భుజాన వేసుకుని, బెంచీలో కూర్చోకుండానే వెళ్లిపోయాడు.

మరుసటి వారం కాలేజీ నుంచి మీటరు తెచ్చి, నేనే స్క్రూడ్రైవరు పెట్టి తిప్పాను. ఎడమ సున్నా, కుడి సున్నా. సెట్టు చల్లబడింది. కరెంటు ఆదా అయిందని కమిటీలో చెప్పాను. చప్పట్లు కూడా కొట్టారు.

మళ్లీ మొదటి ఆదివారం వచ్చింది. ఆయన రాలేదు.

అయ్యగారి ప్రసంగం బాగానే వినిపించింది. నా ప్రకటనలు ఇంకా బాగా వినిపించాయి. సాక్ష్యాల వేళ అవ్వ లేచింది. మోకాలి మాట ఎత్తగానే స్పీకరులోంచి గరగరమని, చిరిగిన కాగితం ఊదినట్టు ముక్కలుముక్కలుగా వచ్చింది. పాటల బృందంలో ఎవరో కిసుక్కున నవ్వారు. అవ్వ మైకును వేలితో తట్టి చూసింది, దాని ముఖంలోకి చూసింది, కూర్చుంది. ఆ తర్వాతి వారం లేవలేదు. ఆ తర్వాతా లేవలేదు. "అవ్వకు పండ్లు పోయినయి, మాట తేలుతలేదు" అని నేనే అందరికీ చెప్పాను.

మూడు నెలల తర్వాత, క్లాసులో ట్రాన్సిస్టరు పవర్ ఆంప్లిఫయర్ల పాఠం. కలెక్టర్ కరెంటు సున్నా పెడితే ఏమవుతుందో ఏటేటా వేసే బొమ్మే బోర్డు మీద వేస్తున్నాను. అల పై నుంచి కిందికి దాటే చోట, రెండు ట్రాన్సిస్టర్లూ పనిచేయని ఒక చదును మెట్టు. పెద్ద అలకు ఆ మెట్టు లెక్కలోకి రాదు. చిన్న అల మొత్తం ఆ మెట్టులోనే విరిగిపోతుంది. ఇరవై రెండేళ్లుగా పిల్లలతో రాయిస్తున్న వాక్యం. నేను ఆయనతో "పుస్తకంల ఉన్నది" అని వాదించిన పేజీకి మరుసటి పేజీ. చాక్‌పీసు బోర్డు మీదే ఆగిపోయింది.

"ఏమైంది మేడం?" అంది ముందు బెంచీలో అమ్మాయి.

"ఏం కాలేదు. రాసుకోండి."

తప్పు తెలిసినంత తొందరగా ఒప్పుకోవడం నాకు రాలేదు. చర్చి వాచ్‌మన్‌తో సెట్టును ఆటోలో ఆయన దుకాణానికి పంపాను. గంటలో ఆటో తిరిగి వచ్చింది, సెట్టు అందులోనే ఉంది.

"ముట్టలేదు మేడం," అన్నాడు వాచ్‌మన్. "ఛార్జి ఎవ్వల చేతిల ఉన్నదో వాళ్లు రావాలె అన్నడు."

ఫోను చేశాను. "ఏంది కాకా నీ పట్టింపు? నువ్వేమన్న బాయి మేనేజరువా? చీటి రాసి పంపుత, చూసి పెట్టు."

"చీటి చెల్లదు మేడం." గొంతులో కోపం లేదు. "షిఫ్టు మారేటప్పుడు దిగెటాయన ఎక్కెటాయనకు ఎదురుంగ నిలవడి నోటితోని అప్పజెప్పాలె. ఏ పంపు ఎట్లున్నది, ఏ కేబులు దెబ్బతిన్నది, ఎవ్వలు ఏం విప్పిండ్రు. ఒకపారి ఒకాయన చీటి రాసి పెట్టి పోయిండు. చీటి తడిసిపోయింది."

ఎడమచేతి ఆ రెండు వేళ్ల సంగతి నాకు అప్పుడర్థమైంది.

ఇంకో రెండు వారాలు నాతో నేనే వాదించుకుని, ఒక సెలవు రోజు పొద్దున్నే సెట్టు ఒళ్లో పెట్టుకుని ఆటోలో వెళ్లాను. ఆయన షట్టరు అప్పుడే తీస్తున్నాడు. సెట్టును బల్ల మీద పెట్టించి, నన్ను ఎదురుగా నిలబడమన్నాడు. ఆయన కూడా నిలబడ్డాడు, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని.

"చెప్పు మేడం. ఎడమెంత?"

"సున్నా."

"కుడి?"

"సున్నా."

"ఎవ్వలు తిప్పిండ్రు?"

"నేనే."

"తెలువకనా, తెలిసేనా?"

దీనికి చాలా జవాబులున్నాయి. ఆటోలో వస్తూ అన్నీ సిద్ధం చేసుకున్నాను కూడా. "తెలిసే," అన్నాను.

"ఏం నష్టమైంది?"

"అవ్వ మాట్లాడుడు బందు చేసింది."

ఆయన తల పంకించాడు. "సరే. తీసుకున్న" అని, కూర్చుని మూత విప్పాడు. క్షమించానని అనలేదు, నన్నెందుకు అడగలేదని అనలేదు. దిగిన షిఫ్టు మనిషి ఇంటికి పోవచ్చన్నట్టు గుమ్మం వైపు చూపించాడు. నేను పోలేదు. టైలరు దగ్గర ఇంకో స్టూలు అడిగి తెచ్చుకుని కూర్చున్నాను.

ఆ షిఫ్టంతా ఆయనతోనే ఉన్నాను. పాత ట్రాన్సిస్టర్ల జత తీసేసి కొత్త జత వేశాడు, వేడికి కరెంటు పరుగెత్తకుండా ఆపే రెసిస్టర్లు మార్చాడు, స్క్రూ తిప్పి నలభై దగ్గర ఆపాడు. తర్వాత ఇక చేసేదేమీ లేదు. రేకుల కప్పు, బయట ఎండ, ముల్లు కదలని మీటరు. నా జీవితంలో అంతసేపు మాట్లాడకుండా ఉన్నది లేదు. మధ్యాహ్నానికి తట్టుకోలేక అడిగేశాను.

"పెండ్లెందుకు చేసుకోలే కాకా?"

"చేసుకుందామనుకున్నప్పుడల్ల నైట్ షిఫ్టు పడ్డది." మీటరు వైపే చూస్తూ, "పిల్ల తరఫోళ్లు పొద్దుగాల వచ్చిరి, నేను పండుకొని ఉంటి" అన్నాడు. ఇద్దరం నవ్వాం. ఆయన బ్రెడ్డు టీలో ముంచుకుని తిన్నాడు, నాకూ రెండు ముక్కలు పెట్టాడు. దుకాణంలోకి ఆ రోజంతా ఎవరూ రాలేదు. ఒక్కసారి మాత్రం గుమ్మంలో నీడ పడింది. ఆయన గభాలున లేచాడు. చిల్లర కోసం వచ్చిన టైలరు.

మూడు దాటాక చేయి తిప్పి సెట్టు మీద ఆనించి చూసి, మూత పెట్టాడు. "ఇగ రెండేండ్లు దీని మూత తియ్యనక్కర లేదు."

"నెలనెలా చూడొద్దా కాకా?" అన్నాను, చూడాలంటాడేమోనని.

"అక్కర లేదు. నువ్వే చెప్పినవు గద మేడం. నువ్వు చెప్పింది నిజమే." మీటరు తీగలను వేళ్లకు చుట్టుకుంటూ, నా వైపు చూడకుండా అన్నాడు. "ముందుగాల గూడ అక్కర లేకుండె."

కరెంటు సంగతిలో నేనన్నది తప్పు. దాన్ని అప్పజెప్పాను, ఆయన తీసుకున్నాడు. ఈ రెండోదానిలో నేనన్నది నిజం. దాన్ని ఎవరికి, ఎట్లా అప్పజెప్పాలి? ఏ పనీ లేకున్నా రా కాకా, వచ్చి కూర్చో, అంటే అయిపోయేది. నా నోటికి ఆ మాట రాలేదు. సెట్టు ఎత్తుకుని వచ్చేశాను.

అవ్వ మళ్లీ లేచి మాట్లాడింది. చివరి బెంచీలో ఆమె పక్కన జాగా ఖాళీగానే ఉంది. డ్యూటీ లేనిచోటికి ఆయన రాడు. ఒకటి రెండుసార్లు సెట్టులో ఏదో ఒక తీగ నేనే ఊడబీకి కబురు పంపుదామా అనుకున్నాను. చర్చి సామాను గదా అని ఊరుకున్నాను.

ఈ వానాకాలం మొదలైన కొత్తలో, ఆదివారం ఆరాధన అయ్యాక కూరగాయల మార్కెట్లో కనిపించాడు. చేతిసంచిలో ఒక గోంగూర కట్ట, రెండు టమాటలు. నన్ను చూడగానే జనంలోంచి తోసుకుంటూ వచ్చాడు. చాలా చిక్కిపోయాడు.

"సెట్టు ఎట్లున్నది మేడం?"

"మంచిగున్నది కాకా."

"అవ్వ మాట్లాడుతున్నదా?"

"మాట్లాడుతున్నది. మోకాలు మళ్ల నొస్తున్నదట, ఈ వారం దేవునితోని కొట్లాట పెట్టుకున్నది."

నవ్వాడు. "వేడేమన్న ఎక్కువైతున్నదా? చెయ్యి పెట్టి చూసినవా?"

"చూసిన. నువ్వు పెట్టినట్టే ఉన్నది."

"గుయ్యిమని చప్పుడేమన్న..."

"లేదు లేదు."

"అది గాదు, వానకాలం గద. తేమకు ఒక్కోపారి కరెంటు అటీటు అయితది. ఎడమ దిక్కు జర చూసుకోవాలె."

"ఏం ఫికర్ లేదు కాకా. ఫస్ట్ క్లాసున్నది. నీ చెయ్యి పడ్డంక దానికేమైతది?"

నేను మెచ్చుకుంటున్నాననే అనుకున్నాను.

"గట్లనా," అన్నాడు. సంచిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. కదల్లేదు. ఇంకేదో అడుగుతాడని చూశాను. అడగలేదు, నా ముఖంలోకే చూస్తూ నిలబడ్డాడు. అంతలో చినుకులు మొదలయ్యాయి, నాకోసం ఆగి ఉన్న ఆటో అతను హారన్ కొట్టాడు.

మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూస్తే, వానకు అందరూ కొట్ల ముందు కట్టిన టార్పాలిన్ పట్టాల కిందికి పరుగెడుతున్నారు, ఆయన మాత్రం అక్కడే ఉన్నాడు. ఎడమ దిక్కు జర గరగరమంటున్నది కాకా, వచ్చే ఆదివారం వచ్చి చూసిపో, అంటే సరిపోయేది. వాదనలో గెలవడానికి నేనాడని అబద్ధం లేదు. ఆయన సెట్టు సంగతి మూడుసార్లు అడిగితే మూడుసార్లూ నిజమే చెప్పి ఆటో ఎక్కాను.